తిరుపతిలో కొత్తగా పరుగు గుంపు: దుఃఖంలో ఉన్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు అందరూ కలిసి ఎట్లా మొదలుపెట్టాలి?

నెమ్మది_నడక
అందరికీ నమస్కారం. కొర్లగుంట వైపు పది పన్నెండు మంది కలిసి పొద్దన్నే పరుగు మొదలుపెట్టాలనుకుంటున్నారు. వయసు 28 నుంచి 60 దాకా. ఒకావిడ భర్త పోయి ఇంకా ఏడాది కాలేదు. ఇద్దరు డిప్రెషన్‌కి మందులు వాడుతున్నారు, ఇంకొకరు మనసు హెచ్చుతగ్గులకి ఇచ్చే లిథియం అనే మందు మీద ఉన్నారు. ముగ్గురికి షుగర్. స్కూలు దాటాక పరిగెత్తిన మనిషి ఒక్కరూ లేరు. పోటీలు, మెడల్సు ఎవరికీ అక్కర్లేదు. మనసు తేలికపడాలి, నలుగురు మనుషులు దొరకాలి, అంతే. యాడ పరిగెత్తాలి, ఎంత పరిగెత్తాలి, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? "పరుగు మొదలుపెట్టినాక మందులు మానేయొచ్చా" అని ఒకాయన అప్పుడే అడుగుతున్నాడు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

కోచ్_400
ముందు వేగం సంగతి. కొత్తవాళ్లలో చాలామంది మూడో వారానికి మానేసేది బద్ధకం వల్ల కాదు, మొదటి రోజే గట్టిగా పరిగెత్తడం వల్ల. ఊపిరి అందదు, మర్నాడు పిక్కలు పట్టేస్తాయి, "ఇది మనవల్ల కాదులే" అని మనసు తేల్చేసుకుంటుంది. డిప్రెషన్ ఉన్న మనిషికి ఆ మాట ఇంకా తొందరగా వస్తుంది.

కొలత సులువు. పక్కమనిషితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మన ఊళ్లో అయితే గోవింద నామాలు మధ్యలో తెగకుండా చెప్పుకోగలిగితే వేగం సరిపోయినట్టు. రెండు మాటలకే ఊపిరి తెగితే నడకలోకి దిగాలి. కిలోమీటరుకి తొమ్మిది పది నిమిషాలు పట్టినా పరవాలేదు. గట్టిగా నడిచే ముసలాయన మిమ్మల్ని దాటిపోయినా పరవాలేదు.

వారానికి మూడు రోజులు. మంగళ, గురు, ఆదివారాలు అనుకోండి, మధ్యలో కనీసం ఒక రోజు ఖాళీ ఉండాలి. ప్రతిసారీ ముందు 5 నిమిషాలు చురుగ్గా నడక. తర్వాత 1 నిమిషం మెల్లని పరుగు, 2 నిమిషాలు నడక, ఇట్లా 8 సార్లు. చివర్లో మళ్లీ 5 నిమిషాలు నడక. మొత్తం 34 నిమిషాలు. మొదటి రెండు వారాలు ఇంతే, "ఇంకా చేయగలం" అనిపించినా పెంచొద్దు. 3, 4 వారాల్లో 2 నిమిషాల పరుగు, 2 నడక, 6 సార్లు. 5, 6 వారాల్లో 4 పరుగు, 2 నడక, 4 సార్లు. ఏడో వారం 8 పరుగు, 2 నడక, 3 సార్లు. ఆ తర్వాత 12 నిమిషాలవి రెండు. ఒక వారం కష్టమైతే అదే వారం మళ్లీ చేయాలి. పది వారాల పని పదహారు వారాలైతే ఎవరి సొమ్మూ పోదు.

గుండె, ఊపిరి నాలుగైదు వారాల్లో అలవాటు పడతాయి. ఎముకలు, కండ ఎముకకి అంటుకునే చోట్లు నెలలు తీసుకుంటాయి. "దమ్ము ఉంది కదా" అని దూరం పెంచితే మోకాలు, పిక్క ఎముక ఎదురు తిరిగేది అందుకే.

వార్డు_సిస్టర్
మందుల ప్రశ్నకి నేరుగా: మానకూడదు. డోసు తగ్గించాలన్నా, ఆపాలన్నా రాసిన డాక్టరే చెప్పాలి. డిప్రెషన్ మందులు చాలావరకు ఉన్నట్టుండి ఆపితే తల తిరుగుడు, నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఒళ్లు ఝల్లుమనడం వస్తాయి. పరుగు మీద ఉన్న నమ్మకం కూడా దాంతో పోతుంది.

లిథియం వాడే మనిషి విషయంలో మాత్రం గుంపు నడిపేవాళ్లు గట్టిగా ఉండాలి. బాగా చెమట పట్టి ఉప్పు, నీళ్లు తగ్గితే కిడ్నీలు లిథియాన్ని బయటికి పంపకుండా పట్టి ఉంచుకుంటాయి, రక్తంలో మోతాదు పెరిగిపోతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, మాట తడబడటం, తూలడం కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. పరుగు మొదలుపెడుతున్నట్టు డాక్టరుకి ముందే చెప్పి, రక్తంలో లిథియం పరీక్ష ఎప్పుడు చేయించాలో అడగాలి. ఇంట్లో ఉప్పు ఉన్నట్టుండి తగ్గించకూడదు. వాంతులో విరేచనాలో ఉన్న రోజు పరుగే వద్దు.

బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటివి వాడేవాళ్ల నాడి పెద్దగా పెరగదు. వాళ్లు వాచీలో అంకె చూసి "తేలిగ్గానే ఉంది" అనుకుంటారు. వాళ్లకి మాట పరీక్ష ఒక్కటే నమ్మకం.

మొదలుపెట్టే ముందు డాక్టరుకి తప్పనిసరిగా చూపించుకోవాల్సినవాళ్లు: నడిస్తే ఛాతీ బిగిసేవాళ్లు, ఎప్పుడైనా కళ్లు తిరిగి పడినవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవాళ్లు ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు. 40 దాటి షుగరో బీపీయో ఉన్నా, పొగ తాగినా ఒక్కసారి చూపించుకుని దిగడం మంచిది.

గిరింపేట_గాలి
చిత్తూరు నుంచి ఒక ప్రశ్న. పరుగుతో డిప్రెషన్ తగ్గుతుందనేది నిజంగా తేలిందా, వాట్సాప్ మాటా? ఎండార్ఫిన్లు అని అందరూ చెప్తారు, చూపించినవాళ్లు లేరు.

వార్డు_సిస్టర్
తేలిన సంగతులున్నాయి, అతి చేయకుండా చెప్తాను. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీవాళ్లు 1999లో అచ్చువేసిన అధ్యయనంలో డిప్రెషన్ ఉన్న 156 మంది ఉన్నారు, అందరూ 50 దాటినవాళ్లే. కొందరికి వ్యాయామం, కొందరికి సెర్ట్రలిన్ మాత్ర, కొందరికి రెండూ. 16 వారాలకి మూడు గుంపులూ దాదాపు ఒకే మెట్టు మీద ఉన్నాయి. మందు మాత్రం మొదట్లో తొందరగా పనిచేసింది.

2023లో నెదర్లాండ్స్ నుంచి ఇంకోటి వచ్చింది. 141 మంది, పరుగా మాత్రలా అని. మళ్లీ 16 వారాలే. రెండు వైపులా సుమారు 44 శాతం మందికి జబ్బు తగ్గింది. బరువు, బీపీ, గుండె లెక్కలు పరుగువాళ్లవే మెరుగు. ఒక మెలిక: ఎక్కువమంది తమకి నచ్చినది తామే ఎంచుకున్నారు, కాబట్టి చీటీ వేసి పంచినంత గట్టి సాక్ష్యం కాదు.

అందులో గుంపు పెట్టేవాళ్లు చూడాల్సిన అంకె వేరే ఉంది. మాత్రలు చెప్పినట్టు వాడినవాళ్లు 82 శాతం. పరుగు చెప్పినన్ని రోజులు చేసినవాళ్లు 52 శాతం. అంటే దీనికి ఉన్న అసలు ఇబ్బంది మనిషి రాకపోవడమే. మనిషిని రప్పించడం ఎట్లా అన్నదే మీ గుంపు పని.

ఎండార్ఫిన్ల గురించి: రక్తంలో పెరిగే ఎండార్ఫిన్ మెదడులోకి సులువుగా దాటిపోదు. 2021లో జర్మనీలో పరిగెత్తేవాళ్లకి ఎండార్ఫిన్ పని చేయకుండా అడ్డుకునే మందు ఇచ్చి చూశారు. అయినా ఆ హాయి వచ్చింది, ఆందోళన తగ్గింది. ఒంట్లోనే తయారయ్యే, గంజాయిలోని పదార్థానికి దగ్గరి చుట్టమైన రసాయనం దీని వెనక ఉండొచ్చని ఇప్పటి ఆలోచన.

గిరింపేట_గాలి
చుట్టరికం బాగుంది గానీ ఈ మాట మా ఇంట్లో చెప్తే పరుగు మాన్పించేస్తారు.

ఎస్వీయూ_సాయంత్రం
చోటు గురించి. కొత్త గుంపుకి మైదానమే మేలు, రోడ్డు కాదు. మైదానంలో ఎంత వెనకబడినా గుంపు కంటికి కనిపిస్తూనే ఉంటుంది, "అందరూ నన్ను వదిలేసి పోయినారు" అనే మాట రాదు. యూనివర్సిటీ వైపు మైదానం అయితే గేటు వేళలు, లోపలికి అనుమతి ముందే కనుక్కోండి. ట్రాకు మీద లోపలి గీత వెంబడి 400 మీటర్లు, బయటికి జరిగేకొద్దీ ఒక్కో లేనుకి ఏడు మీటర్ల పైన పెరుగుతుంది. నడిచేవాళ్లు బయటి లేన్లలో ఉంటే లోపల ప్రాక్టీసు చేసుకునే పిల్లలతో గొడవ ఉండదు. ఎప్పుడూ ఒకే వైపు తిరిగితే ఒక కాలి మీదే బరువు పడుతుంది. చుట్టూ మట్టి దారి ఉంటే సగం సేపు అక్కడ వ్యతిరేక దిశలో పరిగెత్తండి.

కపిలతీర్థం నుంచి అలిపిరి వైపు రోడ్డు చూడటానికి బల్లపరుపు, కాళ్లకి మాత్రం ఎక్కుడే. కొత్తవాళ్లు అక్కడ అనవసరంగా ఆయాసపడతారు. పైగా పొద్దన్నే కొండకి పోయే బండ్లు, బ్రహ్మోత్సవాలప్పుడు ఇక చెప్పక్కర్లేదు. ఏ రోడ్డు మీదైనా కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లు కనిపించేట్టు, ఒకరి వెనక ఒకరు.

కొండ అంచున ఉన్న దారులు చీకట్లో వద్దు. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత దాడులు, ఆరేళ్ల పాప చనిపోవడం అందరికీ తెలిసిందే. ఆ తర్వాతే వేళలు కట్టడి చేసి, గుంపులుగా పంపడం మొదలైంది. యూనివర్సిటీ ప్రాంగణాల వైపు కూడా చిరుత కనిపించిన వార్తలు వచ్చాయి. జనవరిలో సూర్యుడు 6.40 దాకా రాడు, మే నెలాఖరులో 5.45కే వస్తాడు. గడియారం చూసి కాదు, వెలుతురు చూసి బయల్దేరండి.

శేషాచలం_పొద్దు
అలిపిరి మెట్లు వద్దంటారా? మన ఊళ్లో అంతకు మించిన వ్యాయామం యాడుంది సామీ. ఆరోగ్యానికి ఆరోగ్యం, పుణ్యానికి పుణ్యం.

ఎస్వీయూ_సాయంత్రం
ఎక్కడానికి బ్రహ్మాండం. పరిగెత్తడానికి కాదు. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3550 మెట్లు. శ్రీవారి మెట్టు 2.1 కిలోమీటర్లే గానీ 2388 మెట్లు, కాబట్టి ఇంకా నిటారు. మొక్కు ఉన్న భక్తులు ఒక్కో మెట్టుకీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి కర్పూరం వెలిగిస్తారు. మెట్టు అంచున ఆ పొడి, కర్పూరం కరిగిన మరక, దాని మీద పొద్దుటి మంచు. నడిచే పాదం అక్కడ నిలబడుతుంది, పరిగెత్తే పాదం జారుతుంది. అన్నింటికీ మించి అది భక్తులు వంగి మెట్టుకి బొట్టు పెట్టుకునే దారి, వాళ్ల మధ్య దూసుకుపోవడం మర్యాద కాదు.

దిగడం ఇంకా చేటు. దిగేటప్పుడు తొడ ముందు కండ సాగుతూ బరువు మోస్తుంది, మర్నాటి నుంచి రెండు మూడు రోజులు కుర్చీలోంచి లేవడం కూడా కష్టమవుతుంది. నెలకోసారి గుంపంతా కలిసి నడిచి ఎక్కి, బస్సులో దిగండి. ఆ వారం పరుగులు ఒకటి తగ్గించుకోండి.

శేషాచలం_పొద్దు
బస్సులో దిగేమాట ఒప్పుకుంటా. మోకాళ్ల పర్వతం కాడ పరిగెత్తమని నేనూ అనడంలేదు లెండి.

పిక్క_బలం
నొప్పుల మాట నేను చెప్తా. ఫిజియోథెరపీ పని కాబట్టి కొంచెం పొడుగ్గా ఉంటుంది.

పిక్క ఎముక లోపలి అంచు వెంబడి జానెడు మేర అంతా సలుపుతూ, కాసేపు నడిచాక సర్దుకుంటే అది పని ఎక్కువై వచ్చిన నొప్పి. వారం రోజులు పరుగు సగానికి తగ్గించి నడక పెంచితే చాలావరకు తగ్గుతుంది. అట్లా కాకుండా వేలితో ఒక్క చోట నొక్కితే ప్రాణం పోయినట్టుండి, రాత్రి పడుకున్నా సలిపి, ఒంటికాలి మీద గెంతలేకపోతే ఎముకలో సన్న చీలిక ఉండొచ్చు. పరుగు ఆపి ఎముకల డాక్టరుకి చూపించాలి. మొదటి వారాల ఎక్సరేలో అది కనిపించకపోవచ్చు. ఎక్సరే బాగుందని మళ్లీ పరిగెత్తేవాళ్లే ఎక్కువ చెడగొట్టుకుంటారు.

పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగు మడమ కింద గుచ్చుకుంటే అరికాలి పట్టీ వాపు. ఇంట్లో రాయి గచ్చు మీద వట్టి కాళ్లతో తిరగడం ఆపి మెత్తటి చెప్పులు వేసుకోవాలి. నీళ్లు గడ్డకట్టిన సీసా పాదం కింద పెట్టి ఐదు నిమిషాలు దొర్లించాలి. మెట్టు అంచున నిలబడి మడమలు మెల్లగా పైకి, ఇంకా మెల్లగా కిందికి. తగ్గడానికి నెలలు పట్టొచ్చు, తొందరపడొద్దు.

మెట్లు దిగేటప్పుడు మోకాలి చిప్ప చుట్టూ నొప్పి అంటే అడుగు చాచి వేస్తున్నారని అనుమానించండి. పాదం ఒంటికి బాగా ముందు పడితే ప్రతి అడుగూ బ్రేకు వేసినట్టే. అడుగులు చిన్నవి చేసి, నిమిషానికి వేసే అడుగులు నూటికి ఐదు నుంచి పది పెంచండి. 150 వేసేవాళ్లు 160 వేస్తే చాలు. అందరూ 180 వేయాలనే మాట పట్టించుకోకండి, అది ఒలింపిక్సులో పోటీపడేవాళ్లని చూసి పుట్టిన లెక్క.

గుంపుకి తప్పనిసరి పని ఒక్కటే పెట్టమంటే మడమలు ఎత్తడం పెడతాను. గోడకి చెయ్యి ఆనించి 15 సార్లు మోకాలు నిటారుగా, 15 సార్లు మోకాలు కొంచెం వంచి. వారానికి మూడుసార్లు, పరుగు అయ్యాక అక్కడే. అట్లాగే కుర్చీ అంచున కూర్చుని చేతులు వాడకుండా లేవడం 10 సార్లు. పరుగుకి ముందు నిలబడి కండలు సాగదీయడం పెద్దగా అక్కరకు రాదు, 5 నిమిషాల నడకే నయం.

నెమ్మది_నడక
చాలా థ్యాంక్స్ అండీ. షూ గురించి, ఆడవాళ్ల బట్టల గురించి కూడా ఎవరైనా చెప్పండి. గుంపులో సగం మంది ఆడవాళ్లే. "ఏం వేసుకోవాలో తెలీక రావడంలేదు" అన్నారు ఇద్దరు.

చున్నీకి_పిన్ను
అసలు అడ్డంకి అదే వదినా, మగవాళ్లకి తట్టదు. ట్రాకు ప్యాంటు, టీషర్టే వేసుకోవాలని రూలేం లేదు. చుడీదార్ చాలు. టాపు మోకాలి పైకి ఉండాలి, పక్క చీలిక ఎక్కువగా ఉండాలి. చున్నీని ఒక భుజం మీంచి అడ్డంగా తెచ్చి నడుము పక్కన ముడేసి, భుజం కాడ ఒకటి, ముడి కాడ ఒకటి పిన్నులు. పిన్ను బట్ట లోపలి వైపు నుంచి గుచ్చాలి, లేకపోతే చెయ్యి ఊపినప్పుడు గీరుకుంటుంది. పటియాలా ప్యాంటు వద్దు, కాళ్లకి చుట్టుకుంటుంది. చీర మీద నడక వరకు సరే, పరుగు వద్దు.

షూ కన్నా ముందు కొనాల్సింది స్పోర్ట్స్ బ్రా. ఇది లేకే చాలామంది "పరుగు నాకు పడదు" అంటారు. వేసుకుని షాపు గదిలోనే పదిసార్లు గెంతి చూడండి. రెండు వేళ్లు మాత్రం పట్టేంత బిగువు, గట్టిగా ఊపిరి తీస్తే ఒరుసుకోకూడదు.

షూ సాయంత్రం పూట కొనండి, పాదం అప్పటికి కొంచెం ఉబ్బి ఉంటుంది. బొటనవేలికి షూ కొసకి మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ. మడమ జారకూడదు, పక్కలు నొక్కకూడదు. ఖరీదు కన్నా కాలికి పట్టడం ముఖ్యం. 500 నుంచి 800 కిలోమీటర్లకి అడుగు అట్ట చచ్చిపోతుంది, పైకి కొత్తగానే కనిపించినా. నూలు మేజోళ్లు చెమటకి తడిసి బొబ్బలు తెస్తాయి, సింథటిక్‌వి తీసుకోండి. తొడలు ఒరుసుకునే చోట వాజలిన్.

నెలసరి రోజుల్లో పరిగెత్తకూడదనేది లేదు. ఓపిక ఉంటే పరుగు, లేకపోతే నడక, ఎవరూ ఎందుకని అడగకూడదు.

రాగి_సంగటి
తిండి గురించి. అరగంట పరుగుకి ముందు ఏమీ తినకపోయినా నడుస్తుంది, నీరసం అనిపిస్తే సగం అరటిపండు. జెల్లులు, పొడులు అక్కర్లేదు. అయిపోయినాక గంటలోపు ఇడ్లీ, పొంగలి, రాగి జావ, ఉడకబెట్టిన శెనక్కాయలు, ఏదున్నా చాలు. సంగటి, ఊరిబిండి పరుగుకి ముందు మాత్రం తినొద్దు, రెండో కిలోమీటరులో అది పైకే వస్తుంది.

నీళ్లు దాహాన్ని బట్టి. ఎండాకాలం పల్చటి మజ్జిగలో ఉప్పు వేసుకుంటే చాలు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకి 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి. ఉప్పు ఎక్కువైతే నష్టమే, అందాజుగా వేయొద్దు.

వార్డు_సిస్టర్
దాంట్లో ఒక మినహాయింపు. "ఏమీ తినకపోయినా నడుస్తుంది" అనేది ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడేవాళ్లకి వర్తించదు. వాళ్లు బయల్దేరే ముందు షుగర్ చూసుకోవాలి. 90 కంటే తక్కువ ఉంటే 15 గ్రాముల పిండిపదార్థం తిని, పెరిగాకే దిగాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ పడిపోయే భయం చాలా తక్కువ. 250 దాటి ఒంట్లో నలతగా కూడా ఉంటే ఆ రోజు పరుగు వద్దు.

వణుకు, చల్లచెమట, చిరాకు, చూపు మసక వస్తే ఆగి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. తగ్గకపోతే మళ్లీ అంతే. గుంపు నడిపేవాళ్ల జేబులో గ్లూకోజు పొట్లం ఉండాలి. షుగర్ ఉన్నవాళ్లు ఇంటికెళ్లాక అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి, స్పర్శ తగ్గిన కాలికి బొబ్బ తెలియదు. వాళ్లు వట్టి కాళ్లతో పరిగెత్తే మాటే వద్దు.

ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకి ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు కావాలి. అప్పటిదాకా సగమే. మనిషి తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా అది మామూలు అలసట కాదు, వడదెబ్బ. నీడకి చేర్చి 108కి ఫోన్ చేయండి. అది వచ్చేలోపు ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి, మెడ, చంకలు, గజ్జల్లో ఐసు. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

తోక_మనిషి
ఇప్పటిదాకా ఒళ్లు గురించే ఎక్కువ వచ్చింది. గుంపు ఎట్లా నిలబడుతుందో చెప్తాను, 52 శాతం అంకెకి మందు అక్కడే ఉంది.

వేగంగా పోయేవాళ్లని మొదట ఉంచి, వెనకబడినవాళ్లు వచ్చేదాకా ఆగి, వాళ్లు రాగానే మళ్లీ కదిలే పద్ధతి అన్నింటికన్నా చెడ్డది. ముందున్నవాళ్లకి విశ్రాంతి, వెనకున్నవాళ్లకి అవమానం. దానికి బదులు విజిల్ పద్ధతి. అందరూ ఒకే చోట బయల్దేరతారు, ఎవరి వేగం వాళ్లది. 15 నిమిషాలకి విజిల్ ఊదగానే ఎక్కడివాళ్లు అక్కడే వెనక్కి తిరుగుతారు. ఇప్పుడు నెమ్మదిగా పోయినవాళ్లే గేటుకి దగ్గర, వేగస్తులు వెనక. అందరూ దాదాపు ఒకే సమయానికి గేటు చేరతారు. దారి పొడుగైతే విజిల్ వినబడదు, ఫోన్లలో 15 నిమిషాలకి అలారం పెట్టుకోండి.

ప్రతి రోజూ ఒకరు తోకగా ఉండాలి, అందరికన్నా చివర. ఈ పని వంతులవారీగా తిరగాలి, అందరికన్నా వేగంగా పరిగెత్తే మనిషికి కూడా. చివర ఉన్నవాళ్లతో "ఇంకొంచెం, ఇంకొంచెం" అనకుండా మామూలు కబుర్లు చెప్పాలి. పక్కపక్కన పోతున్నప్పుడు ఎదురెదురు ముఖాలు ఉండవు కాబట్టి మనుషులు ఇంట్లో చెప్పని మాటలు కూడా చెప్తారు. అందుకే పైన కోచ్‌గారు చెప్పిన మాట్లాడగలిగే వేగం గుండెకే కాదు, గుంపుకి కూడా అవసరం.

భర్త పోయినావిడ విషయం. ఊపిరి లోతుగా తీసేటప్పుడు ఉన్నట్టుండి ఏడుపు రావచ్చు, అది పరుగులో మామూలే. గుంపంతా చుట్టూ మూగకూడదు. తోక మనిషి ఒక్కరే పక్కన నడకలోకి దిగాలి, మిగతావాళ్లు సాగిపోవాలి. "ఏడవకమ్మా", "కాలమే మాన్పుతుంది" లాంటివి వద్దు. "నడుద్దామా, కూర్చుందామా అక్కా" అని అడిగితే చాలు. సంవత్సరీకం, పెళ్లిరోజు, పండగలు దగ్గరైనప్పుడు ఆవిడ రాకపోవచ్చు. ముందు రోజు రాత్రి ఒక ఫోన్ చేయండి, రమ్మని కాదు, గేటు కాడ ఉంటామని.

వాట్సాప్ గుంపులో మూడు నియమాలు మొదటి రోజే పెట్టండి. వేగం స్క్రీన్‌షాట్లు పెట్టకూడదు. బరువు, ఒంటి ఆకారం మీద మాట అనకూడదు, పొగడ్త అయినా సరే. రాని మనిషిని "ఎందుకు రాలేదు" అనకూడదు. రాత్రి ఎనిమిదికి ఒకటే మెసేజ్, "రేపు 6 గంటలకి, గేటు". వచ్చేవాళ్లు చెయ్యెత్తిన బొమ్మ పెడతారు. దేవుడి ఫొటోలు, రాజకీయాలు ఇంకో గుంపులో.

డిప్రెషన్ ఉన్న మనిషికి 34 నిమిషాలు కొండంత. ఆయన లెక్క వేరే ఉండాలి: షూ వేసుకుని గేటు దాకా వస్తే ఆ రోజు పని అయినట్టే. పది నిమిషాలు నడిచాక వెనక్కి పోతానంటే పంపించండి. ఒప్పందం అంత చిన్నదిగా ఉంటేనే మర్నాడు మళ్లీ వస్తాడు. "పరిగెత్తితే అన్నీ పోతాయి" అని ఎవరూ ఆయనకి చెప్పకూడదు. పోకపోతే అది కూడా తన తప్పేననుకుంటాడు.

చివరగా, పరుగు అయ్యాక ఇరవై నిమిషాలు టీ బండి కాడ. దీన్ని తీసేస్తే మిగతాదంతా వట్టి వ్యాయామం.

మోడరేటర్
పై పోస్టుని పైన పిన్ చేశాం. ఒక చేర్పు: చనిపోవాలని మాట్లాడే మనిషిని పరుగుకి పిలిచి సరిపెట్టొద్దు. ఒంటరిగా వదలకుండా ఇంట్లోవాళ్లకి చెప్పి, టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించండి. ఏ వేళయినా తెలుగులో మాట్లాడతారు.

గిరింపేట_గాలి
నాకొకటి నచ్చలేదు. పోటీ, టైము లేకపోతే కొందరికి బోరు. కుర్రోళ్లు రెండు నెలలకి పోతారు.

కోచ్_400
నిజమే. వాళ్లకి వారంలో ఒక రోజు వేరే పని ఇవ్వండి. 400 మీటర్లు గట్టిగా, 400 నడక, నాలుగుసార్లు, పదివారాల పునాది అయ్యాక. ఆదివారం మాత్రం అందరితో పాటే, తోక పని వాళ్లకే. ఐదు కిలోమీటర్లు అందరూ పూర్తిచేసే రోజు పెట్టుకుంటే దానికి టైము కాదు, హాజరు రాయండి. లండన్‌లో 2004లో 13 మందితో మొదలైన పార్క్‌రన్ అనే ఐదు కిలోమీటర్ల పరుగు ఇన్ని దేశాలకి పాకింది ఉచితం, ప్రతి వారం, ఒకే చోట, ఒకే వేళ అన్న పద్ధతి మీదే. అక్కడ టైము రాస్తారు, కానీ అందరి వెనక నడిచే వాలంటీరు కూడా ఉంటారు, కాబట్టి మామూలు మనిషి ఆఖరున రాడు.

ఒక జాగ్రత్త. రోజూ పరిగెత్తకపోతే ఊరుకోలేకపోవడం, నొప్పితో కూడా పరిగెత్తడం, నిద్ర చెడటం, పొద్దున లేచేసరికి నాడి మామూలు కంటే ఐదు నుంచి పది ఎక్కువ కొట్టడం కనిపిస్తే ఆ మనిషికి వారం సెలవు. దుఃఖంలో ఉన్నవాళ్లు దాన్నుంచి తప్పించుకోవడానికి దూరం పెంచుకుంటూ పోతారు, పైకి అది పట్టుదలలాగే కనిపిస్తుంది.

నెమ్మది_నడక
రెండే మిగిలాయి. కుక్కలు, వానలు.

ఎస్వీయూ_సాయంత్రం
కుక్క వెంటపడితే పరుగు ఆపి నడవండి, కళ్లలోకి చూడొద్దు, దానికి వీపు చూపకుండా పక్కకి జరగండి. వంగి రాయి తీసినట్టు చేస్తే చాలాసార్లు ఆగుతుంది. కరిచినా, గోరు గీసుకున్నా సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకాకి పోవాలి. పసుపు, కారం పెట్టొద్దు.

పిక్క_బలం
మనకి గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సన్న తుంపరలో పరిగెత్తొచ్చు. ఉరుము వినబడితే లోపలికి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు. నీళ్లు నిలిచిన రోడ్డు మీద అడుగు వేయొద్దు, కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో తెలియదు. తడిసిన షూ ఎండలో పెడితే జిగురు ఊడిపోతుంది. లోపలి అట్ట బయటికి తీసి, పేపరు ఉండలు కుక్కి, ఫ్యాను కింద పెట్టండి. రెండు గంటలకి పేపరు మార్చాలి.

నెమ్మది_నడక
సరేనండీ. వచ్చే మంగళవారం 6 గంటలకి మొదలు. గ్లూకోజు పొట్లం, విజిల్ కొన్నాం. మొదటి తోక ఎవరో ఇంకా తేలలేదు.

తోక_మనిషి
మందులు మానేస్తానన్న ఆయన్నే పెట్టండి.